పాలకన్నా పాతది... చేపు!

సూది లేకుండా బర్రె చేపాలంటే దాని మెదడు సంగతి తెలియాలి

దూడ చచ్చిన బర్రె మీ కొట్టంలో ఉందనుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి చెంబు పట్టుకుని కూచుంటారు. పొదుగు కడుగుతారు. చన్ను పట్టి లాగితే నాలుగు చుక్కలు రాలి ఆగిపోతాయి. పొదుగు చూస్తే నిండుగా ఉంటుంది. అంటే పాలున్నాయి, దిగడం లేదు. అవతల దిల్‌సుఖ్‌నగర్ పోయే ఆటో హారన్ కొడుతుంటుంది. ఇళ్లకు పాలు వేసే టైము దాటితే రేపటి నుంచి ఆ వాడకం ఇంకొకరికి పోతుంది. సరిగ్గా అప్పుడే పక్క కొట్టంలో వాడే చిన్న సీసా గుర్తుకొస్తుంది.

ఆ సీసాలో ఉండేది ఆక్సిటోసిన్. పల్లెల్లో పాల సూది అంటారు. వేసిన నిమిషంలో పొదుగు బిగుసుకుని పాలు ధారకడతాయి. అందుకే అది అంతగా పాకింది. సూది వేసేవాళ్లను తిట్టడం తేలిక. రెండు బర్రెల మీద సంసారం నడిపే రైతుకు పూట పాలు పోతే ఏమవుతుందో తిట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. కాబట్టి తిట్లు పక్కన పెడదాం. ఆ మందు ఎక్కడ పనిచేస్తోంది, అదే మందును మీ బర్రె తన తలకాయలో తానే ఎలా తయారు చేసుకుంటోంది, దాన్ని మనం ఎందుకు ఆపేస్తున్నాం, ఈ మూడు సంగతులు తెలిస్తే సీసా అవసరం చాలావరకు తగ్గుతుంది.

పట్నం పాలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇవాళ చూస్తే ఫ్లైఓవర్లు, కోచింగ్ సెంటర్లు, 2018లో వచ్చిన మెట్రో రైలు. కానీ కొత్తపేట, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ నిన్నమొన్నటి దాకా ఊళ్లే. పెద్దవాళ్లను అడిగితే ఎవరి కొట్టం ఎక్కడుండేదో చెబుతారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్లు మామిడి, బత్తాయి బండ్లతో ఆ రోడ్డు నిండిపోయేది. 2021లో మార్కెట్టును బాటసింగారానికి తరలించడం మొదలుపెట్టాక ఆ సందడి పోయింది. పాలు మాత్రం పోలేదు. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, చౌటుప్పల్ వైపు నుంచి, సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు నుంచి క్యాన్లు పొద్దున్నే ఈ కాలనీలకు దిగుతూనే ఉన్నాయి. ప్యాకెట్ పాలు ఎన్ని వచ్చినా ‘మా పాలాయన బర్రె పాలు పోస్తాడు’ అని చెప్పుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంటివాళ్లకు కావలసింది చిక్కదనం. ఆ చిక్కదనానికీ చేపుకూ ఉన్న సంబంధం ముందు ముందు చెబుతాను.

పాలు ఎక్కడ ఆగుతున్నాయి?

పొదుగు పాలు నింపిన తిత్తి అని చాలామంది అనుకుంటారు. లోపల చూస్తే అది స్పాంజి లాగా ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న చిన్న గదులు లక్షల్లో ఉంటాయి. పాలు తయారయ్యేది వాటిలోనే. ఒక్కో గది చుట్టూ వల కప్పినట్టు సన్నని కండర కణాలు ఉంటాయి. ఆ వల బిగిస్తేనే గదిలోని పాలు గొట్టాల్లోకి దిగి, చన్ను పైన ఉండే అరలోకి వస్తాయి. చేపడం అంటే ఆ వల బిగుసుకోవడమే. మీరు చేత్తో ఎంత లాగినా గదిలో పాలు రావు, అరలోకి దిగినవే వస్తాయి.

ఇక్కడ ఆవుకూ బర్రెకూ పెద్ద తేడా ఉంది. ఆవు పొదుగులో మొత్తం పాలలో అయిదో వంతు దాకా ముందే అరల్లోకి దిగి ఉంటుంది. కాబట్టి చేపకపోయినా చెంబు అడుగు తడుస్తుంది. ముర్రా బర్రెల్లో కొలిచి చూస్తే అరల్లో ఉన్నది ఇరవయ్యో వంతు మాత్రమే. మిగతా పాలన్నీ పైన గదుల్లోనే ఇరుక్కుని ఉంటాయి. పైగా ఆవు నిమిషంలోపే చేపితే బర్రెకు రెండు నిమిషాలు పడుతుంది, కొన్నింటికి అయిదు, పది నిమిషాలు కూడా. బర్రెను మొండిది అంటాం గానీ పొదుగు కట్టుబాటే అలా ఉంది. అది చేపు మీదే ఆధారపడిన పశువు.

ఆ వలను బిగించమని చెప్పేది ఎవరు? పొదుగు దగ్గర ఆ అధికారం లేదు. దూడ చన్ను నోట పట్టినా, మీరు గోరువెచ్చని నీళ్లతో రుద్దినా ఆ స్పర్శ నరాల మీదుగా వెన్నుపాములోకి, అక్కడి నుంచి మెదడు అడుగున ఉండే హైపోథలమస్ అనే చిన్న భాగానికి పోతుంది. అక్కడి నరకణాలు ఆక్సిటోసిన్ తయారు చేసి, కిందికి వేలాడే పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో నిల్వ పెట్టుకుని ఉంటాయి. కబురు అందగానే దాన్ని నెత్తురులోకి వదులుతాయి. నెత్తురు మెడ దాటి, గుండె దాటి పొదుగుకు చేరుతుంది. వల బిగుస్తుంది. అంటే పోయేటప్పుడు కబురు నరం మీద పోయింది, వచ్చేటప్పుడు నెత్తురులో వచ్చింది.

నెత్తురులోకి వచ్చిన ఆక్సిటోసిన్ ఎక్కువసేపు నిలవదు. కొద్ది నిమిషాల్లోనే సగం కరిగిపోతుంది. బర్రె చేపిన తర్వాత బీడీ ముట్టించుకోవడానికి లేచినా, ఫోన్ మాట్లాడుతూ కూచున్నా ఆ టైము మళ్లీ రాదు. చేపిన అయిదు నుంచి ఏడు నిమిషాల్లో పిండడం అయిపోవాలని పశువైద్యులు చెప్పేది ఇందుకే.

వీపు మీద పిల్లి

భయపడ్డ పశువు చేపదని మన తాతలకూ తెలుసు. ఎందుకు చేపదో 1941లో అమెరికాలోని మిన్నెసోటాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు తేల్చారు. వాళ్లు చేసిన పని వింటే నవ్వొస్తుంది. పాలు పిండే ముందు ఆవు వీపు మీద పిల్లిని కూచోబెట్టారు. పది సెకన్లకొకసారి చొప్పున రెండు నిమిషాల పాటు పక్కన కాగితం సంచులు పేల్చారు. ఆవు బెదిరింది, పాలు ఎగబట్టింది. బెదరకుండా ఉన్న ఆవుకు అడ్రినలిన్ అనే హార్మోను సూది వేస్తే అప్పుడూ పాలు ఎగబట్టింది. భయంలో పుట్టే అడ్రినలిన్ పొదుగుకు పోయే రక్తనాళాలను బిగించేస్తుంది, ఆక్సిటోసిన్ అక్కడికి సరిగా చేరదు. వెన్నుమీద కర్రదెబ్బ పడిన బర్రెకు జరిగేది ఇదే.

కొత్త చోటుకు వచ్చిన పశువు సంగతి ఇంకొకటి. హర్యానా నుంచి లారీలో దిగిన ముర్రాయో, అంగట్లో కొనుక్కొచ్చిన నాటుబర్రో మొదటి వారం సరిగా చేపకపోతే అమ్మినవాడు మోసం చేశాడని అనుకుంటాం. మోసం ఉండొచ్చు, లేకపోనూవచ్చు. కొత్త కొట్టంలో కొత్త మనిషి చేతుల్లో మెదడే ఆక్సిటోసిన్‌ను వదలదు. పొదుగులో లోపం లేదు, వలలో లోపం లేదు, పై నుంచి కబురే రాలేదు. నాలుగు రోజులు ఓపిక పడితే చాలావాటికి సర్దుకుంటుంది. ఆ నాలుగు రోజుల్లోనే సూది మొదలుపెడితే ఇక అదే అలవాటు.

చెరువు గట్టు మీద నిలబడి చూస్తే

ఇప్పుడు కాస్త దూరం పోదాం. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ పోతుంటే కుడిచేతి వైపు సరూర్‌నగర్ చెరువు ఉంది. 1626 నాటిదని చెబుతారు. ఒకప్పుడు కింద పొలాలు తడిపిన చెరువు, తర్వాత కాలనీల మురుగు మోసింది. ఆ గట్టు మీద నిలబడి చుట్టూ చూడండి. నీళ్లలో చేపలు, ఒడ్డున కప్పలు, ఆవల ఇళ్ల మధ్య కోళ్లు, మిద్దెల మీద పావురాలు, ఎక్కడో ఒక బర్రె. కాళ్ల కింద తడి మట్టిలో వానపాము. వీటన్నిటి శరీరంలోనూ ఆక్సిటోసినో, దాని దగ్గరి చుట్టమో ఉంది.

ఆక్సిటోసిన్ అంటే తొమ్మిది పూసల దండ అనుకోండి. ఒక్కో పూస ఒక్కో అమినో ఆమ్లం. బర్రెలో, ఆవులో, మేకలో, మనిషిలో, వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలిలో పిల్లకు పాలిచ్చే కృష్ణజింకలో ఆ తొమ్మిది పూసలూ ఒకటే. కోడిలో, కప్పలో ఎనిమిదో పూస ఒక్కటి మారుతుంది. దాన్ని మీసోటోసిన్ అంటారు. రవ్వు, బొచ్చె లాంటి చేపల్లో రెండు పూసలు మారతాయి, దాని పేరు ఐసోటోసిన్. వానపాముకు వెన్నెముకే లేదు, అయినా దాని దండలో తొమ్మిదింటికి అయిదు పూసలు ఆక్సిటోసిన్‌తో సరిపోతాయి. 1994లో ఎరువు తయారీకి వాడే ఎర్ర వానపాములోనే దీన్ని కనిపెట్టారు. మీ వర్మీకంపోస్టు తొట్టిలో ఉండే ఐసీనియా ఫెటిడా అదే. వానపాముల్లో ఆ హార్మోను చేసే పని గుడ్లు పెట్టించడం.

చేపకు పొదుగు లేదు. కప్పకు లేదు. కోడికి లేదు. మరి పాలు దింపే హార్మోను వాటికెందుకు? అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆ హార్మోను పుట్టింది పాల కోసం కాదు. పాలిచ్చే జంతువులు భూమ్మీదకు రాకముందు ఎన్నో కోట్ల ఏళ్లుగా అది ఒంట్లో నీరు, ఉప్పు సరిచూడటం, గుడ్లు బయటకు నెట్టడం, జత కట్టించడం లాంటి పనులు చేస్తూ ఉంది. వెన్నెముక గల జీవుల చరిత్ర తొలినాళ్లలో, అంటే దాదాపు యాభై కోట్ల ఏళ్ల నాడు, ఆ దండను తయారుచేసే జన్యువు ఒకటి రెండైంది. అన్నదమ్ములు భూమి పంచుకున్నట్టు పని పంచుకున్నాయి. ఒకటి చేపలు, కప్పలు, పక్షుల్లో వాసోటోసిన్‌గా ఉండి పాలిచ్చే జంతువుల్లో వాసోప్రెసిన్‌గా మారింది. ఎండకు తిరిగొచ్చిన పశువు ఒంట్లో నీరు నిలిపేది అదే. రెండోది మారుతూ మారుతూ ఆక్సిటోసిన్ అయింది. పంపకాలు అయినా ఇళ్లు పక్కపక్కనే ఉన్నట్టు, మన బర్రె జన్యువుల్లో ఆ రెండూ ఇప్పటికీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

కోడి గుడ్డు పెట్టేటప్పుడు గుడ్డుసంచిని బిగించి గుడ్డును బయటకు నెట్టేది వాసోటోసిన్. బర్రె ఈనేటప్పుడు గర్భసంచిని బిగించి దూడను నెట్టేది ఆక్సిటోసిన్. గుడ్డు నుంచి దూడ దాకా పని మారలేదు. ఆ తర్వాత పొదుగు అనే కొత్త అవయవం వచ్చినప్పుడు, దాని గదుల చుట్టూ ఉన్న వల కూడా అదే కబురుకు చెవి ఒగ్గింది. తాళంచెవి పాతదే, తాళం కప్పను కొత్త తలుపుకు బిగించారన్నమాట. ప్రకృతి కొత్తది కొని తెచ్చేది తక్కువ, ఉన్నదాంతో సర్దుకునేదే ఎక్కువ. ఈ విషయంలో అది మన చిన్నరైతు లాంటిదే.

ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా హబ్సిగూడ పోతే సీసీఎంబీ ఉంది. జన్యువులను అక్షరం అక్షరం చదివే అలాంటి లేబొరేటరీలు ప్రపంచమంతా ఉండబట్టే చేప దండనూ బర్రె దండనూ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. ఇంతకు ముందు అంతా సూది పెట్టి చూడటమే. 1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ పిట్యూటరీ రసం ఎక్కిస్తే చూలు పిల్లి గర్భసంచి బిగుసుకోవడం చూశాడు. 1910లో అదే రసంతో మేక పాలు ధారకట్టాయి. ఆ తొమ్మిది పూసల వరస తేల్చి, 1953లో లేబొరేటరీలోనే దండ గుచ్చినవాడు అమెరికాకు చెందిన విన్సెంట్ డు విగ్నో. ఆయనకు 1955లో నోబెల్ ఇచ్చారు. ఆయన పని ప్రసూతి ఆసుపత్రులకు వరమైంది. కాన్పు తర్వాత నెత్తురు పోయి తల్లులు చనిపోకుండా ఇవాళ ప్రపంచమంతా వాడేది ఈ మందే. మన కొట్టాల్లో దానికి పట్టిన గతి వేరు.

పొదుగూ పొదగడమూ

ఒక చిన్న ముచ్చట. మన భాషలో బర్రెకు ఉండేది పొదుగు, కోడి చేసేది పొదగడం. మాట ఎలా పుట్టిందో పండితులు చెప్పాలి గానీ, శరీరంలో మాత్రం ఈ రెండింటి వెనకా ఒకే హార్మోను ఉంది. దాని పేరు ప్రొలాక్టిన్. ఇది పిట్యూటరీ ముందు భాగంలో పుడుతుంది. పొదుగు గదుల్లో పాలు తయారయ్యేది దీనివల్ల, నాటుకోడి గుడ్ల మీద నుంచి లేవకుండా కూచునేదీ దీనివల్లే. దీన్ని గుర్తించింది కూడా పావురాల్లో. పావురం తన గొంతు సంచిలో పాలలాంటి పదార్థం తయారు చేసి పిల్లల నోట్లో పోస్తుంది. దాని మీద పనిచేసి 1930లలో ఆస్కార్ రిడిల్ ఆ హార్మోనుకు ప్రొలాక్టిన్ అని పేరు పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ మిద్దెల మీద పావురాలు రొదపెడుతుంటే విసుక్కుంటాం గానీ పాల కథలో వాటికీ ఒక పేజీ ఉంది.

పాలు తయారు చేసేది ప్రొలాక్టిన్, కిందికి దింపేది ఆక్సిటోసిన్. పాల సూదితో పాలు పెరుగుతాయి అనేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. సూది ఉన్న పాలను దింపుతుంది. మేత లేనిచోట పాలను పుట్టించదు.

చేప తల ఖరీదు

ఈ మెదడు దారిని రైతుకు లాభంగా మలిచిన పని మన దేశంలోనే జరిగింది. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి కార్పు జాతి చేపలకు వేరే చేపల తలల్లోంచి తీసిన పిట్యూటరీ రసం ఎక్కించి చెరువులోనే గుడ్లు పెట్టించాడు. అంతవరకు పిల్లల కోసం వరద రోజుల్లో నదుల వెంట పడాల్సి వచ్చేది. జులై 10ని ఇప్పుడు చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో రవ్వు, బొచ్చె అన్ని టన్నులు పండుతున్నాయంటే అడుగున ఉన్నది ఆ రసమే.

తర్వాత పిట్యూటరీకి పైనుంచి హుకుం ఇచ్చే పది పూసల హార్మోను సంగతి తెలిసింది. దాన్ని పందుల, గొర్రెల మెదళ్లలోంచి వేరు చేసిన షాలీ, గిల్మాలకు 1977లో నోబెల్ వచ్చింది. హేచరీల్లో ఇప్పుడు వాడేది దాని చేప రకాన్ని పోలిన మందు. సాల్మన్ చేపలో ఉండే రకానికీ బర్రెలో ఉండేదానికీ తేడా రెండు పూసలే. కానీ దారి వేరు. బర్రెలో ఆ హార్మోను సన్నని రక్తనాళాల్లో దిగి పిట్యూటరీకి చేరుతుంది, చేపలో నరాలే నేరుగా పిట్యూటరీలోకి దిగి ఉంటాయి. కార్పు చేపలో డోపమిన్ అనే ఇంకో పదార్థం బ్రేకు వేసి పట్టుకుంటుంది. అందుకే ఆ మందులో బ్రేకు తీసే డోంపెరిడోన్ కలుపుతారు, మనం వాంతులకు మింగే బిళ్లలో ఉండేదే. ఆ డోపమిన్ బర్రెలోనూ ఉంది, కాకపోతే అక్కడ అది ప్రొలాక్టిన్‌కు బ్రేకు.

సూది వెనక పాత పాపం

పాలు ఎగబట్టిన పశువుతో బలవంతంగా చేపించడం సూదితో మొదలైంది కాదు. ఫూకా అని ఒకటి ఉండేది. ఆవు, బర్రె మానంలోకి గొట్టంతో గాలి ఊదేవారు. ఎవరు కనిపెట్టారో గానీ శరీరం గుట్టు తెలిసిన క్రూరత్వం అది. దూడ బయటకు వచ్చేటప్పుడు ఆ దారి సాగితే మెదడు ఆక్సిటోసిన్ వదులుతుంది కదా, గాలితో సాగదీసినా అదే జరుగుతుంది. పాలంటే విముఖత కలగడానికి ఈ ఫూకా కారణమని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షను ఫూకాను నేరంగా పెట్టింది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూది వేయడం కూడా ఆ సెక్షను కిందికే వస్తుంది. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు కూడా. రెండు బర్రెలు ఉన్నవాడికి ఒకటి పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని, కర్ణాటకలోని ప్రభుత్వ కంపెనీ ఒక్కటే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. కాన్పుల ఆసుపత్రులకు మందు అందకపోతే తల్లుల ప్రాణాల మీదికి వస్తుందని కొందరు కోర్టుకెళ్లారు. ఆ ఏడు డిసెంబర్ 14న ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు కొట్టేసింది. తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టులో మాట ఎలా ఉన్నా డాక్టరు చీటీ లేకుండా ఈ మందు కొనడం, అమ్మడం తప్పే. లేబుల్ లేని సీసాలో ఎంత బలం ఉందో, ఏ నీళ్లు కలిపారో అమ్మేవాడికే తెలియదు.

సూది పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతారని పట్నంలో ఒక ప్రచారం ఉంది. దీని మీద నాకు నమ్మకం తక్కువ. ఆక్సిటోసిన్ చిన్న ప్రోటీన్ ముక్క. కడుపులోకి పోతే పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. నోటి ద్వారా పనిచేసేదే అయితే దాణాలో కలిపేవాళ్లు, సూది ఎందుకు? అసలు దెబ్బ తినేది మీ బర్రె. రోజూ సూదికి మరిగిన ఆవులకు అది ఆపితే తమంతట తాము చేపే గుణం తగ్గిందని పరీక్షల్లో తేలింది. ఈ మందు గర్భసంచిని కూడా బిగిస్తుందని పైన చెప్పాను, పాలిచ్చే బర్రె చాలాసార్లు చూడిమీద కూడా ఉంటుంది. ఒకే సూది పది పశువులకు గుచ్చితే వచ్చే చీము గడ్డల సంగతి మీకే తెలుసు.

దూడ బతికితే సగం పని అయినట్టే

మన దగ్గర బర్రె చేపకపోవడానికి మొదటి కారణం దూడ చావే. దున్నదూడ అయితే మరీ నిర్లక్ష్యం. పట్నానికి పోసే పాలు దూడకెందుకు అనుకుంటాం, నెల తిరక్కుండా అది పోతుంది, మరుసటి రోజు సీసా వస్తుంది. లెక్క వేసి చూడండి, ఆ ఈత మొత్తానికి పోయే పాలు దూడ తాగే పాలకన్నా ఎక్కువ.

పుట్టిన గంటలోపు జున్నుపాలు పట్టాలి. మాయ పడేదాకా ఆగాలన్న మాట వినొద్దు. దూడ బరువులో పదో వంతు రోజుకు పాలు అందాలి, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు, దాన్ని రెండు మూడు విడతలుగా. బర్రెదూడలకు తల్లి పాల ద్వారానే పెద్ద ఏలికపాములు వస్తాయి. కాబట్టి రెండో వారంలోనే పైపరజిన్ మందు పట్టించాలి, మోతాదు పశువుల డాక్టరును అడగండి. బొడ్డుకు అయోడిన్ పూయడం మరవొద్దు.

ఇంకో దారి ఉంది. తొలిచూలు పడ్డను ఈనిన రోజు నుంచే దూడ లేకుండా పిండటం అలవాటు చేస్తే అది మనిషి చేతికే చేపుతుంది. దూడకు పాలు గిన్నెలో పడతారు. అప్పుడు దూడ పోయినా పాలు పోవు. పాత బర్రెకు ఇది కష్టం, తొలిచూలుకు తేలిక.

దూడ పోయిన పాత బర్రె ఉంటే? తోలులో గడ్డి కూరి చూపించడం మనవాళ్లు చేసేదే, కొన్నాళ్లు పనిచేస్తుంది. దానికన్నా నిలిచే పద్ధతి మెదడుకు కొత్త గుర్తులు నేర్పడం. రోజూ అదే వేళ, అదే మనిషి, అదే చోటు. ముందు దాణా తొట్టిలో పోసిన చప్పుడు, తర్వాత గోరువెచ్చని నీళ్లు, తర్వాత రెండు నిమిషాలు నింపాదిగా పొదుగు రుద్దడం. వరస తప్పకూడదు. కొన్నాళ్లకు తవుడు, పత్తిచెక్క బకెట్ చప్పుడు వినగానే చేపే బర్రెలు ఉంటాయి. దూడ స్పర్శకు వదిలే కబురునే మెదడు ఆ చప్పుడుకు వదలడం నేర్చుకుంటుంది. కొత్త మనిషిని, కుక్కను, పెద్ద పాటలు పెట్టిన ఫోనును ఆ పది నిమిషాలు కొట్టం దగ్గరకు రానివ్వకండి. బొటనవేలు మడిచి గుంజితే చన్నుకు నొప్పి, నొప్పికి అడ్రినలిన్, అడ్రినలిన్‌కు ఎగబట్టడం. నిండు పిడికిలితో పిండాలి.

చిక్కదనం మాట చెబుతానన్నాను. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. సగం చేపిన బర్రెను వదిలేస్తే పొదుగులో మిగిలిపోయేది ఆ చివరి పాలే. డెయిరీలో బర్రె పాలకు రేటు కట్టేది వెన్నను బట్టి. హయత్‌నగర్‌లో నార్మూల్ వారి మదర్ డెయిరీకి పోసినా, ఎల్బీనగర్ కాలనీలో ఇంటింటికి పోసినా అడిగేది అదే. కాబట్టి సరిగా చేపని రోజు మీకు పోయేది లీటరే కాదు, ఉన్న లీటరు మీద రేటు కూడా. పూర్తిగా పిండకుండా వదిలేసిన పొదుగు తొందరగా వట్టిపోతుంది, పొదుగువాపుకూ లోకువవుతుంది.

గొర్రెలు ఉన్నవాళ్లకు ఒక మాట. ఈనిన గొర్రె మెదడులోనూ ఆక్సిటోసిన్ ఊరి, ఆ కాసేపట్లో ముక్కుకు తగిలిన వాసన గల పిల్లనే తన పిల్లగా గుర్తుపెట్టుకుంటుంది. 1980లలో ఇంగ్లండులో గొర్రెల మీద చేసిన పరీక్షల్లో ఇది తేలింది. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రెకు అంటించాలంటే ఆ గొర్రె ఈనిన గంట, రెండు గంటల్లోపు దాని ఉమ్మనీరు ఈ పిల్లకు పూసి ముందు పెట్టాలి. పొద్దెక్కాక పెడితే కొమ్ములతో నెట్టేస్తుంది.

నాలుగు రోజులు ఇలా చేసినా బర్రె చేపకపోతే పొదుగులో గడ్డ ఉందేమో, జ్వరం ఉందేమో, చన్ను పగిలిందేమో చూడాలి. గోపాలమిత్రను పిలవండి, లేదా 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ ఊళ్లోకే వస్తుంది. ఆక్సిటోసిన్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అప్పుడు ఎంత వేయాలో, ఎన్నిసార్లు వేయాలో డాక్టరు చీటీ మీద రాసి ఇస్తారు.